ముసలి ద్రాక్ష తీగల డ్రై వైట్ వైన్: ఫ్రాన్స్‌లో ఈ రుచిని మిగిల్చింది ఎవరు?

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు తెల్ల ద్రాక్షల్లో అలిగోతేకి పెద్దగా మర్యాద లేదు. మంచి వాలు నేలలన్నీ షార్డొనేకి ఇచ్చేసి, పల్లంలోనో, చలిగాలి కొట్టే చివరి చెక్కలోనో అలిగోతేని నాటడం అక్కడి రివాజు. దాని వైన్‌లో పులుపు ఎక్కువ, చిక్కదనం తక్కువ. 1945 నుంచి 1968 దాకా దిజోన్ నగరానికి మేయర్‌గా ఉన్న ఫెలిక్స్ కీర్ అనే క్రైస్తవ మతగురువు, వచ్చిన అతిథులకి వైట్ వైన్‌లో బ్లాక్‌కరెంట్ అనే నల్లటి చిన్న పండ్ల తియ్యటి లిక్కర్ కలిపి పోయించేవాడు. ఆ కలగలుపుకి చివరికి ఆయన పేరే స్థిరపడింది. అందులో పోసే వైన్ సాధారణంగా అలిగోతేనే. తీపి కలపనిదే గొంతు దిగదని దాని మీద అంతటి ముద్ర.

అలాంటి అలిగోతేతోనే మొరే సాన్ దనీ ఊళ్లో పోన్సో కుటుంబం 'క్లో దె మోన్ లుయిజాన్' అనే వైట్ వైన్ చేస్తోంది. తీగలు 1911లో నాటినవి. బర్గండీ మొత్తంలో అలిగోతేతో చేసి, లేబుల్ మీద మేలైన తోటలకిచ్చే 'ప్రీమియర్ క్రూ' హోదాని వేసుకోగలిగిన వైన్ ఇదొక్కటే. ధర మామూలు అలిగోతేకి ఎన్నో రెట్లు. కొని, పదేళ్లకి పైగా దాచి మరీ తాగేవాళ్లున్నారు. ద్రాక్ష రకం అదే, ప్రాంతం అదే. మరి ఈ తేడా తీగ వయసుదేనా?

ఫ్రెంచ్ సీసాల మీద 'వియెయ్ వీన్', అంటే ముసలి తీగలు, అన్న మాట చూసి వంద రూపాయలో పది యూరోలో ఎక్కువ పెట్టేవాళ్లందరూ అవునంటారు. నిజం అంత సూటిగా లేదు. వయసుకి ఇందులో పాత్ర ఉంది. కానీ ఆ తీగని అంత కాలం ఎవరు పీకకుండా ఉంచారు, ఎందుకు ఉంచారు అన్నదానికి అంతకంటే పెద్ద పాత్ర ఉంది. చాలాచోట్ల దానికి కారణం ముందుచూపు కూడా కాదు, కొత్తగా నాటడానికి చేతిలో డబ్బు లేకపోవడం.

ముందు డ్రై అంటే ఏమిటో చెప్పుకోవాలి. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకి 4 గ్రాములకి మించి చక్కెర మిగలని వైన్ డ్రై కిందికి వస్తుంది. పులుపు బాగా ఉంటే 9 గ్రాముల దాకా సడలింపు ఉంది. ద్రాక్షలోని తీపంతా దాదాపుగా ఆల్కహాల్‌గా మారిపోయిందన్నమాట. రెడ్ వైన్‌లో తొక్కల నుంచి వచ్చే వగరు ఉంటుంది, రంగు ఉంటుంది. రసం కాస్త పల్చగా ఉన్నా ఆ వగరు నోటిని పట్టుకుని మరిపిస్తుంది. తియ్యటి వైట్‌లో చక్కెర ఆ పని చేస్తుంది. కొత్త ఓక్ పీపాల్లో పెట్టిన వైట్ అయితే వెనిలా వాసన, వెన్న వాసన ముందుకొస్తాయి. ఇవేవీ లేని డ్రై వైట్‌లో మిగిలేది పులుపు, ఆల్కహాల్, ఆ రసంలో స్వతహాగా ఉన్న సారం. సారం లేకపోతే పులుపు ఒంటరిగా నిలబడి పళ్లు జివ్వుమనిపిస్తుంది, మింగాక ఏమీ ఉండదు. సారం ఉంటే అదే పులుపు వెన్నెముకలా నిలిచి, నోటి మధ్యలో ఒక బరువు తెలుస్తుంది. దానికి వాసనతో పెద్దగా పని లేదు. మంచి ముసలి తీగల వైట్‌లో మొదట ముక్కుకి తగిలేది చాలాసార్లు తక్కువే. తడి రాయి, నిమ్మ తొక్క, కాస్త ఉప్పదనం, అంతే. మింగిన తరవాత నాలుక మీద అది ఎంతసేపు ఉంటుందన్న దాంట్లోనే ఉంది విషయం. అందుకే తీగ వయసు గురించి వాదించుకోవాలంటే డ్రై వైట్‌ని మించిన పరీక్ష లేదు, దాక్కోవడానికి అందులో చోటు లేదు కాబట్టి.

ద్రాక్ష తీగ నాటిన మూడో ఏట కాపుకొస్తుంది. పదేళ్లు వచ్చేసరికి నిండు దిగుబడి. ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్ల తరవాత కాపు మెల్లగా తగ్గడం మొదలవుతుంది. లేత తీగకి వేళ్లు పైమట్టిలోనే ఎక్కువ. వాన పడితే ఉబ్బుతుంది, నాలుగు వారాలు ఎండ కాస్తే ఆకులు వాల్చేస్తుంది. దున్ని సాగు చేసే తోటల్లో పైవేళ్లు ఏటేటా తెగుతుంటాయి కాబట్టి ముసలి తీగ వేళ్లు లోతు పట్టుకుని ఉంటాయి, రాతి పగుళ్లలోకి కూడా దిగుతాయి. కలుపు మందులతో నడిపిన తోటలో వయసున్నా ఇంత లోతు ఉండకపోవచ్చు. ఇంకొకటి, మనిషి తొడంత లావెక్కిన ఆ మొదలు. అందులో పిండిపదార్థం, నత్రజని నిల్వ ఉంటాయి. వసంతంలో చిగురు వేసి పూతకొచ్చే దాకా తీగ చాలావరకు ఈ నిల్వల మీదే బతుకుతుంది. నిల్వ దండిగా ఉన్న తీగ ఒక చెడ్డ ఏడాదికి కంగారు పడదు. అందుకే ముసలి తోటల గురించి రైతులు ముందుగా చెప్పేది రుచి గొప్పదని కాదు, ఏ ఏడాదైనా ఒకే తీరుగా ఉంటుందని. మండు వేసవిలో పులుపు నిలబడటం, వాన ఏడాదిలో నీరుకారిపోకపోవడం డ్రై వైట్‌కి చిన్న విషయాలు కావు.

ఇక్కడ దాకా బాగానే ఉంది. ప్రయోగం చేసి చూస్తే మాత్రం కథ కొంచెం తేలిపోతుంది. జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో ఒకే తోటలో 1971లో, 1995లో, 2012లో నాటిన రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష తీగలని పక్కపక్కన పెట్టి పరిశోధకులు కొలతలు తీశారు. నేల ఒకటే, సాగు ఒకటే. మరీ లేత తీగలు వేరుగా నడుచుకున్నాయి గానీ, పెద్ద తీగల్లో 1971 నాటివాటికీ 1995 నాటివాటికీ మధ్య ఆశించినంత తేడా కనిపించలేదు. అంటే ఇరవై ఏళ్లు దాటిన తీగ దాదాపు పెద్దదైపోయినట్టే. మిగిలిన ముప్ఫై నలభై ఏళ్లూ వాటంతట అవి రసంలో అద్భుతాలేమీ పోయవు.

మరి తాగేవాళ్లకి తెలుస్తున్న తేడా భ్రమా? భ్రమ కాదు, దానికి కారణాలు వేరే ఉన్నాయి. మొదటిది నేల. వందేళ్లుగా ఎవరూ పీకలేదంటే అది మొదటి నుంచీ మంచి కాపునిచ్చిన చోటే అయి ఉండాలి. బాగా పండని చెక్కల్ని రైతు ఎప్పుడో తిరగదున్ని మళ్లీ నాటేశాడు. మనం రుచి చూస్తున్నది ఏరి మిగిలిన తోటల్నే. రెండోది ఇంకా ముఖ్యమైనది, కానీ దీన్ని లేబుల్ మీద ఎవరూ రాయరు. ఫ్రాన్స్‌లో 1970ల నుంచి నర్సరీలు ధ్రువీకరించిన క్లోన్లు వచ్చాయి. ఒక్క తల్లి తీగ నుంచి లక్షల పిల్లలు. జబ్బులు లేవు, దిగుబడి నమ్మకం, పండ్లన్నీ ఒకేసారి పక్వానికొస్తాయి. అంతకుముందు నాటిన తోటల్లో రైతు తన తోటలోనో, పక్కవాడి తోటలోనో నచ్చిన తీగల కొమ్మలు కోసి అంటు కట్టించుకునేవాడు. కాబట్టి 1950లలో నాటిన ఒక ఎకరంలో వందల రకాల పోకడలుంటాయి. ఒక తీగ గుత్తి గట్టిగా, ఇంకోదాని గుత్తి వదులుగా. ఒకటి వారం ముందు పండుతుంది, ఒకటి ఇంకా పుల్లగా ఉంటుంది. అన్నీ ఒకేరోజు కోసి పిండితే తీపి, పులుపు, చేదు అన్నీ కలిసిన రసం వస్తుంది. క్లోన్ తోట రసం శుభ్రంగా ఉంటుంది, కానీ ఒకే మాట పదిసార్లు చెప్పినట్టుంటుంది. ముసలి తీగల రుచి అని పొగిడేదాంట్లో పెద్ద వాటా ఈ కలగాపులగానిదే.

దీనికి తోడు జబ్బు. పాత తోటల్లో ఆకు ముడుచుకుపోయే వైరస్ తెగుళ్లు మామూలే. పూత సరిగ్గా నిలవదు, గుత్తిలో సగం గింజలు బఠాణీలంత ఉండిపోతాయి. రైతుకి నష్టమే గానీ, రసం మాత్రం చిక్కనిది వస్తుంది. బర్గండీలో దీన్ని గురించి గర్వంగా చెప్పుకునేవాళ్లున్నారు. అది గర్వమో, సర్దుకుపోవడమో చెప్పడం కష్టం.

అలిగోతే సంగతిలోనూ ఇదే జరిగింది. బూజెరోన్ అనే చిన్న ఊరు ఒక్క అలిగోతే కోసమే తన పేరుతో అప్పెలాసియోన్, అంటే ప్రాంతం పేరుకి చట్టం ఇచ్చే గుర్తింపు, సంపాదించుకుంది. బర్గండీలో అన్నిటికంటే పేరున్న వైన్ సంస్థల్లో ఒకటైన రొమానే-కోంతీని దశాబ్దాల పాటు నడిపిన వారిలో ఒకరైన ఒబేర్ ద విలేన్ సొంత తోట అక్కడే. ఆ ఊరి పాత తోటల్లో 'దోరే' అనే రకం ఉంది. గింజ చిన్నది, పండితే బంగారు రంగు తిరుగుతుంది. తరవాత తరవాత బర్గండీలో ఎక్కువగా నాటింది దిగుబడి దండిగా ఇచ్చే పచ్చ గింజల రకాన్ని. అలిగోతేకి వచ్చిన చెడ్డపేరులో సగం దానిదే.

ఇక లెక్కల్లోకి వద్దాం. ఒక హెక్టోలీటరుకి, అంటే వంద లీటర్లకి, సుమారు 133 సీసాలు. లువార్ నది సముద్రంలో కలిసే నాంత్ చుట్టుపక్కల, ముస్కాదే అనే వైట్ వైన్ చేసే ప్రాంతంలో హెక్టారుకి 55 హెక్టోలీటర్లు తీసే తోట 7,300 సీసాలిస్తుంది. దక్షిణాన స్పెయిన్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న రూసియోన్‌లో ఎనభై ఏళ్ల తోట 20 హెక్టోలీటర్లిస్తే 2,660 సీసాలు. ఖర్చు మాత్రం ఎక్కువ. పందిరీ లేదు, పాకించడానికి ఇనప తీగెలూ లేవు. ఒక్కో మొక్క పొదలా నేలకి అంటుకుని ఉంటుంది. కోత యంత్రం పోదు, చేత్తోనే కోయాలి. వరసల మధ్య ట్రాక్టరుకి చాలినంత చోటు లేక కొందరు గుర్రంతో దున్నిస్తారు. సీసాకి మూడు రెట్ల ధర రాకపోతే ఈ తోట నిలబడదు. ఆ ధర పలికే పేరు రూసియోన్‌కి చాలాకాలం లేదు.

మరి ఆ తోటలు ఎలా మిగిలాయి? రూసియోన్ ఒకప్పుడు బతికింది తియ్యటి వైన్ల మీద. పులుస్తున్న రసంలో ద్రాక్ష సారా పోసి, పులియడం ఆపి, తీపిని నిలబెట్టే రివ్‌సాల్త్, మోరీ లాంటివి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వాటికి గిరాకీ పడిపోయింది. కొనేవాడు లేడు, కొత్తగా నాటడానికి డబ్బు లేదు. యూరప్ ప్రభుత్వాలు తోటలు పీకితే డబ్బిస్తామన్నప్పుడు చాలామంది పీకేశారు. ఆ డబ్బు తీసుకోనివాళ్ల కొండవాలుల్లో గ్రనాష్ గ్రీ, గ్రనాష్ బ్లాన్, మకబ్యూ, కారిన్యాన్ గ్రీ లాంటి పాత తీగలు అలాగే ఉండిపోయాయి. గ్రనాష్ గ్రీ తొక్క బూడిద, గులాబీ కలిసిన రంగులో ఉంటుంది. తీపి బాగా పడుతుంది కాబట్టే నాటారు. 1990ల నుంచి కాల్స్ ఊళ్లో జెరార్ గొబీ లాంటివాళ్లు ఆ పండ్లనే ముందుగా కోసి, తీపి మిగలకుండా పులియబెట్టి డ్రై వైట్ చేయడం మొదలుపెట్టారు. ఎండ మండే దక్షిణంలో నిమ్మకాయ పలుకులా పులుపు, చివర ఉప్పదనం ఉన్న వైట్ పుట్టింది. అప్పెలాసియోన్ నిబంధనల్లో ఇమడని చోట 'కోత్ కతలాన్' అనే మామూలు ప్రాంతీయ లేబుల్‌తో అమ్మారు. ఇప్పుడు అదే లేబుల్ కోసం వెతుక్కుని కొనేవాళ్లున్నారు.

ముస్కాదే కథ ఇంకాస్త పాతది. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు సారా కాచడానికి పల్చటి వైట్ వైన్ కావాలని నాంత్ చుట్టూ తెల్ల ద్రాక్షని ప్రోత్సహించారు. 1709 చలికాలం ఐరోపా అంతటినీ గడ్డకట్టించింది. ఆ ప్రాంతపు తోటలు చాలావరకు చచ్చిపోయాయి. మంచుని తట్టుకుంటుందని పేరున్న మెలోన్ ద బూర్గోన్య్‌ని ఆ తరవాత విరివిగా నాటారు. మెలోన్‌కి సొంత వాసన పెద్దగా లేదు. ఇదే దాని లోపం, ఇదే దాని బలం. దాన్ని ఈస్టు మడ్డి మీద నెలల తరబడి కదపకుండా ఉంచుతారు, చాలాచోట్ల నేలలో దించిన, లోపల గాజు పెంకులు అతికించిన సిమెంటు తొట్లలో. ఈస్టు కణాలు మెల్లగా విచ్చిపోయి వైన్‌కి ఒక నునుపు, బ్రెడ్ వాసన ఇస్తాయి. లేత తీగల రసాన్ని ఇలా రెండేళ్లు ఉంచితే అలిసిపోతుంది. ముసలి తోటల రసం తట్టుకుంటుంది. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలే అనే మూడు ఊళ్ల వైన్లకి ప్రత్యేక హోదా ఇచ్చినప్పుడు దిగుబడిని హెక్టారుకి 45 హెక్టోలీటర్లకి తగ్గించారు. క్లిసోన్, గోర్జ్‌లకైతే 24 నెలలు మడ్డి మీద ఉండాలన్నారు. క్లిసోన్ గ్రానైట్ నేల, గోర్జ్‌ది గాబ్రో అనే నల్లటి అగ్నిశిల. ల పెపియేర్ తోటవాళ్ల 'క్లో దె బ్రియోర్' అనే ముస్కాదే 1930లో నాటిన తీగలది, గ్రానైట్ నేలది. ఆల్కహాల్ 12 శాతం దగ్గర. షార్డొనేలో ఈ వయసుకీ ఈ పనితనానికీ అడిగే ధరలో అయిదో వంతుకి ఇలాంటి సీసా దొరుకుతుంది. డబ్బుకి తగ్గ విలువ చూసుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. బర్గండీ పెద్ద పేర్ల జోలికి తరవాత పోవచ్చు.

వందేళ్లు అనగానే జనానికి వచ్చే ఇంకో ఊహ, ఫిలోక్సెరాకి ముందు నాటి తీగలు. అమెరికా నుంచి వచ్చిన ఈ వేరు పురుగు 1860లలో దక్షిణ ఫ్రాన్స్‌లో మొదలైంది. 1868లో మోంపెలియేకి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు దాన్ని వేళ్ల మీద పట్టుకున్నారు. తరవాత కొద్ది దశాబ్దాల్లో దేశంలోని తోటలు చాలావరకు పోయాయి. పురుగుకి లొంగని అమెరికన్ వేరుమొక్క మీద ఫ్రెంచ్ కొమ్మని అంటు కట్టడమే చివరికి దారైంది. అంటే ఫ్రాన్స్‌లో ఇవాళ ముసలి తీగ అన్నది దాదాపు ఎక్కడైనా ఆ అంటు తరానిదే. ఇసక నేలల్లో పురుగు బతకదు కాబట్టి అక్కడక్కడా కొన్ని తప్పించుకున్నాయి. లువార్ మధ్య భాగంలో అన్రీ మారియోనే అనే వైన్ తయారీదారు సంపాదించిన, రొమొరాంతాన్ అనే తెల్ల ద్రాక్ష తోట అలాంటిదే. తీగలు 1850 ప్రాంతానివి. ఆయన ఆ డ్రై వైట్‌కి 'ప్రొవిన్యాజ్' అని పేరు పెట్టాడు. అది నేలంటు పద్ధతి పేరు. ఖాళీ వచ్చిన చోటికి పక్క తీగ కొమ్మని వంచి మట్టిలో పాతితే అక్కడ వేళ్లు పోసుకుని కొత్త తీగ అవుతుంది. ఫిలోక్సెరా తరవాత ఈ పని కుదరదు, సొంత వేళ్ల మీద లేచిన తీగని పురుగు తినేస్తుంది. ఇలాంటి సీసా కుతూహలం కొద్దీ కొనుక్కునేది. రుచి అదే కారణంగా గొప్పదని ఎవరైనా గట్టిగా అంటే కొంచెం అనుమానించడమే మంచిది.

లేబుల్ విషయానికొస్తే, 'వియెయ్ వీన్' అని రాసుకోవడానికి ఫ్రాన్స్‌లో కనీస వయసు అంటూ చట్టంలో లేదు. ఒకరికి ముప్ఫై అయిదు, ఇంకొకరికి డెబ్భై. నాలుగు దేశాల సరుకు పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఎందుకంటే ఆస్ట్రేలియాలో బరోసా లోయవాళ్లు 2009లోనే 35, 70, 100, 125 ఏళ్లంటూ మెట్లు కట్టుకున్నారు. దక్షిణాఫ్రికాలో 35 ఏళ్లు దాటిన తోటల వైన్‌కి నాటిన ఏడాదితో సహా ముద్ర వేస్తారు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఓఐవీ 2024లో 35 ఏళ్ల హద్దునే నిర్వచనంగా ఆమోదించింది. ఒక తోటలో 85 శాతం తీగలు ఆ వయసువైతే అది పాత తోట. చచ్చిన తీగల స్థానంలో ఏటా కొత్తవి నాటుతూ ఉంటారు కాబట్టి ఈ శాతం అవసరమే. ఫ్రెంచ్ సీసాకి ఈ గొడవ లేదు, నమ్మకమే హామీ. నాటిన సంవత్సరం, తోట పేరు వెనక లేబుల్ మీద ఉంటే అది మంచి గుర్తు. పెద్ద సంస్థ, పెద్ద ప్రాంతం, ఏటా లక్షల సీసాలు, వాటి మీద ముసలి తీగలు అని బంగారు అక్షరాలు ఉంటే అది అమ్మకం మాట.

తెలుగువాళ్లకి ఈ రుచితో ఉన్న పరిచయం చాలావరకు షెనిన్ బ్లాన్ అనే తెల్ల ద్రాక్ష ద్వారానే, అదీ నాసిక్‌ది. లువార్‌లోని సవన్యేర్, వూవ్రే అనే వైన్లు కూడా షెనినే. కానీ మన ఎండలకి తీగ చలికాలపు నిద్రకే పోదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క కాపు తీస్తారు, తోటలు ఎక్కువ కాలం నడవవు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పందిళ్ల మీద విరగకాసిన అనాబ్-ఎ-షాహీ తోటల్లోనూ ఎవరికీ ఎనభై ఏళ్ల తీగ ఆలోచన వచ్చి ఉండదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం సుంకం ఉన్న దేశంలో పేరులేని ముస్కాదేని తెప్పించే వ్యాపారి దొరకడం కష్టం. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. వాళ్లకి ఒక మాట: ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసుకుంటే ఈ వైన్ల రుచి సగం చచ్చిపోతుంది. అరగంట బయట పెట్టి, 10-12 డిగ్రీల దగ్గర తాగితేనే ఆ బరువు తెలుస్తుంది. కారం దట్టించిన పులుసు పక్కన ఇది నిలవదు. ఉప్పు, మిరియాలు, నిమ్మరసంతో వేయించిన చేప పక్కన మాత్రం బ్రహ్మాండం.

ఇప్పుడు ఈ తోటల మీద మళ్లీ కత్తి వేలాడుతోంది. వైన్ తాగడం తగ్గిపోయింది, నిల్వలు పెరిగాయి. 2024లో ఫ్రాన్స్ ప్రభుత్వం తోటలు పీకేవాళ్లకి హెక్టారుకి 4,000 యూరోల చొప్పున 12 కోట్ల యూరోలు కేటాయించింది. రూసియోన్‌ని 2022 నుంచి కరువు పీడించింది. లోతు వేళ్లున్న తీగలు కూడా ఎండిపోయాయి. ఎకరానికి తక్కువ కాపు, ఎక్కువ కూలీ ఉన్న తోటకి రైతు కాగితం మీద లెక్క వేసుకుంటే జవాబు ఎటు వస్తుందో తెలిసిందే. వారసుడు లేని ఇంట్లో ఆ లెక్క ఇంకా త్వరగా తేలిపోతుంది.

కొందరు పీకేముందు కోత సమయంలో ఆరోగ్యంగా ఉన్న తీగలకి గుర్తు కట్టి, చలికాలంలో కొమ్మలు కోసి నర్సరీకి పంపి అంటు కట్టిస్తున్నారు. వైరస్ ఉన్న తీగల కొమ్మ పనికిరాదు, కాబట్టి అన్నీ దక్కవు. దక్కినవాటిని కొత్త చెక్కలో నాటుతారు, మూడో ఏట కాపు, పదో ఏట నిండు పంట. ఈ ఏడాది నాటిన మొక్క ఓఐవీ లెక్కలో ముసలి తీగ అయ్యేది 2060 దాటాకే.